పాత అద్భుత కథను టీనేజ్ పాఠకుల కోసం నేటి అతీంద్రియ నవలగా తిరగరాయడం ఎలా?

పాత అద్భుత కథను నేటి కాలంలోకి తెచ్చి, దెయ్యాలో శాపాలో రూపం మారే మనుషులో ఉన్న నవలగా టీనేజ్ పాఠకుల కోసం తిరగరాయాలనుకునేవారు సాధారణంగా ఒక కథను ఎంచుకొని దానికి ఒక అతీంద్రియ జీవిని జోడిస్తారు. సిండ్రెల్లా కథలో రాకుమారుడి స్థానంలో రక్తపిశాచిని పెడతారు, లేదా స్నోవైట్‌ను మంత్రవిద్యలు నేర్పే కళాశాలలో చేరుస్తారు. మొదటి రెండు మూడు అధ్యాయాలు ఉత్సాహంగానే నడుస్తాయి కానీ ఆ తర్వాత కథ రెండు పాయలుగా చీలిపోతుంది. ఒక పాయలో పాత కథలోని సంఘటనలు, జరగాలి కాబట్టి, ఒకదాని వెనుక ఒకటి జరుగుతుంటాయి. రెండో పాయలో రక్తపిశాచి తన దారిన తాను తిరుగుతుంటాడు. పాత కథలో అప్పటికే ఉన్న అతీంద్రియ శక్తిని గమనించకుండా బయటినుంచి ఇంకొకదాన్ని తెచ్చి అతికించడం వల్లనే ఈ చీలిక వస్తుంది.

ప్రతి అద్భుత కథలోనూ ఒక షరతు ఉంటుంది. ఆ షరతును ఎవరు విధించారు, మీరితే ఏమవుతుంది, దాన్ని అమలు చేసే శక్తి ఏది అన్న మూడు ప్రశ్నలకు జవాబు వెతికితే మీ నవలకు కావలసిన దెయ్యం ఆ కథలోనే దొరుకుతుందని నా నమ్మకం. కింద చెప్పబోయే పద్ధతి అంతా ఈ నమ్మకం మీద ఆధారపడినదే.

ముందుగా పాత పాఠాలను, అంటే కథల పాత రూపాలను, చదవండి

ఈ కథలు మనలో చాలామందికి బొమ్మల పుస్తకాల ద్వారా, యానిమేషన్ చిత్రాల ద్వారా పరిచయమయ్యాయి. ఆ జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే అందరూ రాసినట్టే రాస్తాం. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో ప్రచురించిన సంపుటి, జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లోనూ 1815లోనూ రెండు భాగాలుగా తెచ్చి 1857 దాకా ముద్రణ ముద్రణకూ మార్చుకుంటూ పోయిన సంపుటి, వీటికంటే ముందు ఇటలీలో జాంబతిస్తా బాసిలే మరణానంతరం 1634 నుంచి 1636 మధ్య వెలువడిన సంపుటి మీ బల్ల మీద ఉండాలి. ఒకే కథ వీటిలో ఎంత మారిపోయిందో చూస్తే, కథను మార్చే హక్కు మనకు ఉందా అన్న సంకోచం కూడా తీరిపోతుంది.

కొన్ని మార్పులను ఇక్కడే గమనించవచ్చు. గ్రిమ్ సోదరుల 1812 ముద్రణలో స్నోవైట్‌ను చంపించాలని చూసింది కన్నతల్లే. 1819 ముద్రణలో ఆమె సవతితల్లిగా మారింది. హాన్సెల్, గ్రెటెల్‌లను అడవిలో వదిలేయమన్న తల్లి కూడా 1840లో సవతితల్లి అయింది. స్నోవైట్ ముద్దుతో మేల్కొనదు. శవపేటికను మోస్తున్న సేవకులు తడబడిన కుదుపుకు గొంతులో ఇరుక్కున్న విషపు ఆపిల్ ముక్క బయటపడి లేస్తుంది. కప్ప రాకుమారుడు కూడా ముద్దుతో మనిషి కాడు, ఒళ్లు మండిన రాకుమార్తె అతన్ని గోడకేసి కొట్టినప్పుడు మారతాడు. పెరో చెప్పిన లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్ కథలో పిల్లను తోడేలు తినేయడంతో కథ ముగుస్తుంది, కాపాడడానికి వేటగాడు రాడు. ఫ్రాన్సు గ్రామాల్లో పెద్దవాళ్లు చెప్పగా పందొమ్మిదో శతాబ్దంలో సేకరించిన ఒక మౌఖిక పాఠంలోనైతే ఆ పిల్ల ఎవరి సాయమూ లేకుండా తప్పించుకుంటుంది. బయటికి వెళ్లాలని చెప్పి, తోడేలు తన కాలికి కట్టిన తాడును పెరట్లోని ప్లమ్ చెట్టుకు కట్టేసి పారిపోతుంది. టీనేజ్ నవల రాసేవారికి ఈ మౌఖిక పాఠం మిగతా వాటికంటే ఎక్కువగా పనికొస్తుంది, ఎందుకంటే ఇందులో నాయిక బుర్ర పనిచేస్తుంది.

ఇన్ని పాఠాలను ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు జానపద పరిశోధకులు ఎప్పుడో దారి చూపించారు. ఫిన్లాండుకు చెందిన ఆంటీ ఆర్నె 1910లో మొదలుపెట్టి, అమెరికా పండితుడు స్టిత్ థామ్సన్ విస్తరించి, 2004లో జర్మన్ పండితుడు హాన్స్ యోర్గ్ ఊథర్ సవరించిన కథారూపాల సూచికలో ప్రతి కథకూ ఒక సంఖ్య ఉంటుంది. దీన్ని ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలతో ఏటీయూ అంటారు. సిండ్రెల్లా 510ఎ, స్లీపింగ్ బ్యూటీ 410, స్నోవైట్ 709, రెడ్ రైడింగ్ హుడ్ 333. ఆ సంఖ్యతో వెతికితే అదే కథ ఇతర దేశాల్లో ఎలా చెప్పుకున్నారో తెలుస్తుంది. సిండ్రెల్లాను పోలిన యె షియన్ కథను చైనాలో తొమ్మిదో శతాబ్దంలోనే రాసిపెట్టారు. అందులో నాయిక కోరికలను తీర్చేది మంత్రదండం పట్టుకున్న దేవకన్య కాదు, సవతితల్లి చంపి తినేసిన చేప ఎముకలు. గ్రిమ్ పాఠంలోనూ దేవకన్య లేదు. తల్లి సమాధి మీద పిల్ల నాటిన కొమ్మ ఆమె కన్నీళ్లతో చెట్టుగా పెరుగుతుంది, ఆ చెట్టు మీద వాలిన తెల్లని పక్షి దుస్తులను కింద పడేస్తుంది. సమాధి మీది చెట్టులోంచి చనిపోయిన తల్లి సాయం చేస్తూ ఉంటే, సిండ్రెల్లా కథను అతీంద్రియ కథగా మార్చడానికి ఇంకా రక్తపిశాచితో పనేముంది?

హక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెరో, గ్రిమ్ సోదరులు, 1875లో మరణించిన డెన్మార్క్ రచయిత అండర్సన్ రాసిన మూల కథలు ఎవరి సొత్తూ కావు. కానీ వాటికి ఈ మధ్య వచ్చిన అనువాదాలకూ, సినిమాలు కొత్తగా చేర్చిన పాత్రలకూ పేర్లకూ హక్కులు ఉంటాయి. గ్రిమ్ సోదరులు ఏడుగురు మరుగుజ్జులకు పేర్లు పెట్టలేదు. మనకు తెలిసిన పేర్లు 1937లో వచ్చిన డిస్నీ చిత్రానివి. ఏదైనా వివరం వాడబోయే ముందు అది పాత పాఠంలో ఉందో లేదో చూసుకోవడం మంచి అలవాటు.

షరతును పట్టుకోవడం

పాఠాలు చదివాక, కథను సంఘటనల వరుసగా కాకుండా ఒకే ఒక్క షరతుగా కాగితం మీద రాసుకోండి. అర్ధరాత్రి లోపు తిరిగి రావాలి. ఈ ఒక్క గది తలుపు తెరవకూడదు. మనిషి కాళ్లు కావాలంటే గొంతు ఇచ్చేయాలి. వంద ఏళ్లు నిండేదాకా ఎవరూ లోపలికి రాలేరు. ఇలా ఒక వాక్యానికి కుదించగలిగితే, దానిలో టీనేజ్ మనసుకు తగిలే భయం ఏదో కూడా బయటపడుతుంది. గొంతు ఇచ్చేయడం అన్న షరతు, తనవాళ్లనూ తన మాటనూ వదులుకుంటే తప్ప కొత్త లోకంలో చోటు దొరకదన్న భయం. 1837లో అండర్సన్ రాసిన మత్స్యకన్య కథలో ఆమె నాలుక నిజంగానే తెగిపోతుంది, వేసే ప్రతి అడుగూ కత్తి మీద వేసినట్టే ఉంటుంది. కొత్త బృందంలో కలవడానికి మౌనంగా ఉండిపోయే పదిహేనేళ్ల పిల్లకు ఆ నొప్పిని విడమరచి చెప్పనక్కరలేదు.

తర్వాత ఆ షరతు కథలో ఎవరి మీద దయ లేకుండా పనిచేసిందో వెతకండి. గ్రిమ్ పాఠంలో నిద్రపోయిన రాకుమార్తె చుట్టూ పెరిగిన ముళ్లకంచెలో, వంద ఏళ్లు నిండకముందే వచ్చిన రాకుమారులు చిక్కుకొని, విడిపించుకోలేక చనిపోతారు. చివర వచ్చినవాడు గొప్పవాడు కావడం వల్ల కంచె దారి ఇవ్వలేదు; ఆ రోజుకు గడువు ముగిసింది, అంతే. మరి ఆ ముళ్లలో చనిపోయినవాళ్ల సంగతేమిటి? వాళ్ల గురించి కథ ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంది. మీ నవల అక్కడ మొదలు కావచ్చు. ఆ కంచెలో మిగిలిపోయిన వాళ్లలో ఒకడు నేటి కాలంలో ఒక అమ్మాయికి కనబడితే, ఆ దెయ్యానికి కోపం ఎవరి మీద ఉండాలి, అతనికి ఏం కావాలి అన్నవి పాత కథే మీకు అందించే ప్రశ్నలు.

గ్రిమ్ సంపుటిలోనే పాడే ఎముక కథ ఉంది. హత్యకు గురైన తమ్ముడి ఎముకతో చేసిన వాద్యం హంతకుడెవరో పాడి చెబుతుంది. పెరో చెప్పిన నీలిగడ్డం కథలో, భర్త వద్దన్న గదిని భార్య తెరిచినప్పుడు తాళపుచెవికి అంటిన రక్తం ఎంత కడిగినా పోదు. రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుందన్న మన కథల రహస్యం కూడా ప్రపంచమంతటా ఉన్నదే, ఏటీయూలో దాని సంఖ్య 302. అందరికీ తెలిసిన నాలుగైదు కథలను వదిలి ఇలాంటివి ఎంచుకోమని నేను గట్టిగా చెబుతాను. సిండ్రెల్లా రాయకూడదని కాదు. చాలామంది రాసేశారు కాబట్టి, అక్కడ కొత్తమాట చెప్పడానికి రెట్టింపు శ్రమ పడాలి.

ఒక కథను దగ్గరగా చూద్దాం

గ్రిమ్ సోదరుల 1815 భాగంలో బాతులు కాసిన రాకుమార్తె కథ ఉంది. ఏటీయూలో దాని సంఖ్య 533. ముసలి రాణి తన కూతుర్ని దూరదేశపు రాకుమారుడితో పెళ్లికి పంపుతూ, మాట్లాడే గుర్రాన్నీ, తన రక్తం మూడు చుక్కలు అంటిన తెల్లని గుడ్డనూ, తోడుగా ఒక దాసినీ ఇస్తుంది. దారిలో గుడ్డ ఏట్లో కొట్టుకుపోతుంది. అది పోవడంతో రాకుమార్తె బలం పోయిందని గ్రహించిన దాసి, ఆమె బట్టలూ గుర్రమూ లాక్కొని, జరిగింది ఏ మనిషికీ చెప్పనని ఆకాశం కింద ఒట్టు వేయిస్తుంది. కోటకు చేరాక దాసి రాకుమార్తెగా చలామణి అవుతుంది, అసలు రాకుమార్తె బాతులు కాస్తుంది. దాసి గుర్రాన్ని చంపిస్తుంది. రాకుమార్తె ఆ గుర్రం తలను కోట ద్వారానికి కొట్టించుకొని, రోజూ ఆ దారిన వెళుతూ దానితో మాట్లాడుతుంది. చివరకు ముసలి రాజు, మనుషులకు చెప్పలేకపోతే ఇనుప పొయ్యికి చెప్పుకోమని సలహా ఇచ్చి, పొయ్యి గొట్టం దగ్గర నిలబడి అంతా వింటాడు.

ఈ కథలోని షరతు ‘ఏ మనిషికీ చెప్పను’ అన్నది. ఒక మనిషి పేరును ఇంకొకరు తీసేసుకోవడం, నిజం తెలిసిన ఒకే ఒక్కరు నోరు విప్పలేకపోవడం ఇందులోని భయం. నేటి కాలంలో ఒకరి ఫోను చేతికి చిక్కితే పేరు, ఫొటోలు, స్నేహాలు అన్నీ చిక్కినట్టే కాబట్టి, ఈ కథను ఈ కాలానికి తేవడానికి పెద్దగా వంచాల్సిన పని లేదు. ఎవరూ ముఖం చూడని ఒక దూరపు హాస్టల్ పాఠశాలలో పదహారేళ్ల అమ్మాయికి సీటు వచ్చిందనుకుందాం. ఆమెకు తోడుగా వచ్చిన స్నేహితురాలు దారిలో ఆమె ఫోనూ పత్రాలూ పేరూ తీసుకుంటుంది. తల్లి ఇచ్చిన మూడు రక్తపు చుక్కలు, తల్లి గొంతుతో ఉన్న మూడు వాయిస్ మెసేజ్‌లు కావచ్చు.

అతీంద్రియ శక్తి ఎక్కడినుంచి రావాలో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ఒట్టును అమలు చేసేది ఏదో ఉండాలి, లేకపోతే ఆ అమ్మాయి మరుసటి ఉదయమే ప్రిన్సిపాల్ గదికి వెళ్లి అంతా చెప్పేస్తుంది, నవల రెండో అధ్యాయంలోనే ముగిసిపోతుంది. పాత కథలో మాట తప్పకూడదన్న నియమం చాలు. నేటి పాఠకులకు అది చాలదు. కాబట్టి ఒట్టుకు పళ్లు పెట్టాలి, అవి ఎంత చిన్నవైతే అంత భయంకరంగా ఉంటాయి. ఒక నమూనా:

‘రిజిస్టర్ తెరిచి వార్డెన్ నా పేరు అడిగింది. చెప్పాను. గొంతు పూడుకుపోలేదు, నాలుక తడబడలేదు. పదిహేడేళ్లుగా ఎవరు పిలిచినా పలికిన పేరునే చెప్పానని అనుకున్నాను. ఆవిడ తల ఊపి రాసుకుంది. తలకిందులుగా కనిపిస్తున్న ఆ అక్షరాలను చదివాను. అవి దాని పేరు. పక్కనే నిలబడి తన సూట్‌కేసు మీద, అంటే నా సూట్‌కేసు మీద, దుమ్ము దులుపుకుంటూ అది నవ్వింది.’

ఈ ముక్కలో పొగ లేదు, గాలి లేదు, దీపాలు ఆరిపోలేదు. రిజిస్టర్, సూట్‌కేసు, పేరు తప్ప వేరే వస్తువు లేదు. జరగరానిది ఒక్కటే జరిగింది, అది కథలోని షరతుకు నేరుగా కట్టుబడి ఉంది. మొదటి అతీంద్రియ సంఘటన ఈ స్థాయిలో ఉంటే పాఠకులు వెంటనే నమ్ముతారు, ఆ తర్వాత పెద్దవాటిని కూడా నమ్ముతారు. (నాయిక వయసు పైన పదహారని, ఇక్కడ పదిహేడని ఉన్నది గమనించారా? కొత్త మాటలు చేర్చేటప్పుడు ఇలాంటి తేడాలు సులభంగా దొర్లుతాయి కాబట్టి వయసులు, తేదీలు, ఒట్టులోని మాటలు వేరే కాగితం మీద రాసుకోవాలి.)

ఇప్పుడు గుర్రం తల సంగతి. ఒట్టు ప్రాణమున్న మనుషులకు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి, చనిపోయినవాళ్లకు చెప్పుకోవచ్చు. పాఠశాల పాత గేటు దగ్గర ఆమెకు వినబడే గొంతు, ఇదే ఒట్టు వేసి, దాన్ని నిలబెట్టుకొని, ఎవరికీ చెప్పుకోకుండానే చనిపోయిన మరో అమ్మాయిదైతే, దెయ్యం ఓదార్పు మాత్రమే కాకుండా హెచ్చరిక కూడా అవుతుంది. నాయిక మౌనంగా ఉండిపోతే తానేమవుతుందో రోజూ కళ్లెదుట చూస్తుంది. చూడండి, ఇక్కడ దెయ్యాన్ని మనం కల్పించలేదు. ‘ఏ మనిషికీ’ అన్న మాటలో అది దాక్కొని ఉంది.

ఇనుప పొయ్యి ఘట్టాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు వాడకూడదు. పాత కథలో ఉపాయం రాజుది, వినేదీ రాజే, న్యాయం చెప్పేదీ రాజే. టీనేజ్ పాఠకులకు ఇది నచ్చదు, నచ్చకపోవడం న్యాయం కూడా. ఒట్టు ‘చెప్పకూడదు’ అంటుంది కానీ ‘వినబడకూడదు’ అనదని కనిపెట్టేది నాయికే కావాలి; ఎవరు ఎక్కడ ఉండి వినాలో ఏర్పాటు చేసేది కూడా ఆమే కావాలి. పాత కథలో ఆమె మీద చాడీలు చెప్పే బాతుల కాపరి కుర్రాడు ఒకడున్నాడు. అతన్ని తోటి విద్యార్థిగా మార్చి, మొదట్లో ఆమెను అనుమానించి వెంబడించినవాడే చివర్లో ఆ మాటలు వినే చెవి అయ్యేలా నడిపితే, పాత పాత్ర ఒకటి కూడా వృథా కాదు.

అతీంద్రియ శక్తికి నియమాలు

మీ దెయ్యం ఏం చేయగలదో రాసుకోవడం సులభం. ఏం చేయలేదో రాసుకోవడమే అసలు పని. గేటు దగ్గరి గొంతు వేరే ఎవరికీ వినబడదు, గేటు దాటి రాలేదు, జరగబోయేది తెలియదు, తాను చనిపోయిన తర్వాతి లోకం గురించి ఏమీ ఎరగదు. ఈ హద్దులు ముందే నిర్ణయించుకుంటే, ఇరవయ్యో అధ్యాయంలో చిక్కుముడి పడినప్పుడు దెయ్యానికి కొత్త శక్తి పుట్టించాలన్న ఆశ కలగదు. శక్తిని వాడిన ప్రతిసారీ దానికి ఒక మూల్యం ఉండాలి. ఆ మూల్యం నాయికకు ప్రియమైనదే కావాలి. గేటుతో మాట్లాడిన ప్రతిసారీ తల్లి గొంతు కొంచెం మరచిపోతుందనుకోండి, పాఠకులు ఆ మాటలను లెక్కపెట్టుకుంటూ చదువుతారు.

నియమాలన్నీ ఒకేచోట వివరించే ముసలి లైబ్రేరియన్ పాత్రను దయచేసి పెట్టకండి. నాయిక ఒక నియమాన్ని తెలియక మీరి, దెబ్బ తిని, దాన్ని తెలుసుకోవాలి. తప్పుగా అర్థం చేసుకున్న నియమం ఒకటైనా ఉంటే మంచిది, ఎందుకంటే టీనేజ్ పాఠకులు నాయికకంటే ముందే నిజం పసిగట్టడాన్ని బాగా ఇష్టపడతారు.

ఫోను విషయం త్వరగా తేల్చేయవచ్చు. అద్భుత కథలు ఒంటరితనం మీద నడుస్తాయి, ఫోను ఆ ఒంటరితనాన్ని చెరిపేస్తుంది. అందుకని ప్రతి కీలక ఘట్టంలోనూ సిగ్నల్ పోయేలా రాస్తే పాఠకులు రెండోసారికే విసుక్కుంటారు. ఫోనును తీసేయడం కంటే దాన్ని షరతులో భాగం చేయడం మేలు. మన ఉదాహరణలో నాయిక ఇంకొకరి ఫోనునుంచి తల్లికి మెసేజ్ పంపితే, అది వెళ్తుంది, కానీ పేరు తీసుకున్న ఆ స్నేహితురాలి పేరుతో వెళ్తుంది.

వయసుకు తగిన గొంతు

పన్నెండు నుంచి పద్దెనిమిది ఏళ్లవారు చదివే కథలో నాయికా నాయకులు పాఠకులకంటే ఒకటి రెండేళ్లు పెద్దవారుగా ఉండడం వాడుక. ఉత్తమ పురుషలో రాస్తే దగ్గరితనం వస్తుంది, అయితే నాయిక చూడనిది ఏదీ రాయలేరు. అతీంద్రియ కథకు ఈ ఇబ్బంది వరమే, ఎందుకంటే తాను చూసింది నిజమా కాదా అన్న సందేహం ఆమెకు ఉన్నంతకాలం పాఠకులకూ ఉంటుంది. సంభాషణల్లో ఈ ఏడాది వాడుకలో ఉన్న యాసపదాలను కుప్పపోయవద్దు. పుస్తకం అచ్చయ్యేనాటికి అవి పాతబడిపోతాయి. పిల్లలు ఎలా మాట్లాడతారన్నది పదాల్లో కంటే, వాళ్లు దేన్ని దాటవేస్తారు, దేనికి ఎగతాళి చేస్తారు, ఏ ప్రశ్నకు జవాబు ఇవ్వరు అన్న వాటిలో ఎక్కువగా తెలుస్తుంది. నాయికకు దెయ్యంతో సంబంధం లేని చదువు, పరీక్షలు, చిన్న అసూయలు కూడా ఉండాలి.

పెద్దవాళ్లు ఎందుకు సాయం చేయరన్నది ప్రతి టీనేజ్ నవలా ఎదుర్కొనే ప్రశ్న. తల్లిదండ్రులందరినీ మూర్ఖులుగానో దుర్మార్గులుగానో చూపించడం తేలిక దారి, నాకు అది ఇష్టం లేదు. మంచి పెద్దలు ఉండి కూడా సాయం చేయలేకపోయే పరిస్థితే ఎక్కువ బాధ పెడుతుంది. మన ఉదాహరణలో వార్డెన్ దయగలదే. ఆమె చెవిదాకా నిజం చేరదు, అంతే.

ప్రేమ, హింస, నిద్ర

ఈ రకం నవలల్లో ప్రేమకథ దాదాపు తప్పనిసరిగా ఉంటుంది, అందుకే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. వందల ఏళ్లు బతికిన అతీంద్రియ పురుషుడు పదహారేళ్ల అమ్మాయిని ప్రేమించడం ఎంత అందంగా రాసినా, వాళ్లిద్దరి మధ్య అనుభవంలోనూ బలంలోనూ ఉన్న అంతరం మాయమైపోదు. ఆ అంతరాన్ని కథ గమనించకపోతే పాఠకులు దాన్ని ప్రేమకు సహజ లక్షణంగా తీసుకుంటారు. అతను నిజంగా ఆ వయసులోనే ఆగిపోయినవాడైతే, మనసు కూడా అక్కడే ఆగిందని చూపించాలి. కాకపోతే ప్రేమను పక్కన పెట్టి వేరే బంధాన్ని రాయాలి. వెంటాడడం, కిటికీలోంచి తొంగిచూడడం, ఎవరితో మాట్లాడాలో నిర్ణయించడం లాంటివి చేసేవాడిని కథ కూడా ప్రమాదకారిగానే చూడాలి.

పాత పాఠాల్లో ఈ విషయంలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. బాసిలే చెప్పిన నిద్రసుందరి కథలో రాజు స్పృహలేని పిల్లను బలాత్కరిస్తాడు, ఆమె నిద్రలోనే కవలలను కంటుంది. అదే మూలంనుంచి రాయాలనుకుంటే ఆ ఘట్టాన్ని తీసేయవచ్చు, లేదా దాని మీదే న్యాయం అడిగే కథ రాయవచ్చు. శృంగారంగా మాత్రం మార్చకూడదు. మరోవైపు, 1756లో ఫ్రెంచి రచయిత్రి బోమోన్ రాసిన బ్యూటీ అండ్ ద బీస్ట్ కథలో మృగం ప్రతి రాత్రీ ‘నన్ను పెళ్లి చేసుకుంటావా’ అని అడుగుతుంది, ఆమె కాదంటుంది, అది నిట్టూర్చి వెళ్లిపోతుంది. ఆమె బందీ అన్న సంగతి అలాగే ఉన్నా, అడగడం, కాదనడం, ఆ కాదనడాన్ని గౌరవించడం అన్న ఆ వరుస నేటి ప్రేమకథకు కూడా పునాది కాగలదు.

హింసను కడిగేయనక్కరలేదు. స్నోవైట్ సవతితల్లి ఎర్రగా కాల్చిన ఇనుప చెప్పులు తొడుక్కొని చచ్చేదాకా నాట్యం చేసిందని గ్రిమ్ కథ ఒకే వాక్యంలో చెబుతుంది, గాయాన్ని వర్ణించదు. ఆ క్లుప్తతే మన ఒళ్లు జలదరించేలా చేస్తుంది. టీనేజ్ నవలలోనూ అదే పద్ధతి పనిచేస్తుంది. చంపడం ఎలా జరిగిందో అర పేజీలో చెప్పి, అది చూసినవాళ్ల మీద పడిన ప్రభావానికి పది పేజీలు ఇవ్వండి.

మంత్రనిద్రను మానసిక కుంగుబాటుకు ప్రతీకగా వాడే ఆలోచన చాలామందికి వస్తుంది. ఆలోచన బాగానే ఉంటుంది, కానీ ముద్దుతోనో ప్రేమతోనో ఆ నిద్ర ఒక్కసారిగా వదిలిపోయినట్టు రాస్తే, నిజంగా ఆ స్థితిలో ఉన్న పాఠకుడికి అది అబద్ధమని వెంటనే తెలుస్తుంది, కొందరికి హాని కూడా చేస్తుంది. గ్రిమ్ కథలో గడువు పూర్తయినందుకే ముళ్లు విడిపోయాయన్న వివరం ఇక్కడ ఎంతో ఉపయోగం. కోలుకోవడానికి కాలం పడుతుందని, సాయపడేవాళ్లు ఒక్కరు కాకుండా పలువురు ఉంటారని చూపించే వీలు దానిలో ఉంది.

ముగింపు రాయడం, చిత్తుప్రతిని పరీక్షించడం

పాత కథ తెలిసిన పాఠకుడు చివరకు ఏమవుతుందో తెలుసుకునే వచ్చాడు. అతన్ని ఆశ్చర్యపరచడం కోసం ముగింపును తలకిందులు చేస్తే ఒక్క క్షణం పనిచేస్తుంది, అంతకుమించి నిలవదు. ఏం జరుగుతుందన్నది అలాగే ఉంచి, ఎవరి చేతుల మీదుగా, ఏ మూల్యానికి జరుగుతుందన్నది మార్చడం మేలు. బాతుల రాకుమార్తె కథ చివర రాజు దాసిని పిలిచి, ఇలా మోసం చేసినవాళ్లకు ఏ శిక్ష వేయాలని అడుగుతాడు. తన గురించే అడుగుతున్నాడని తెలియక, లోపలంతా మేకులు దిగగొట్టిన పీపాలో పెట్టి ఈడ్పించాలని ఆమె తన శిక్ష తానే చెప్పుకుంటుంది. మీ నవలలో మేకుల పీపా ఉండదు. కానీ తన తీర్పు తానే పలకడం అన్న ఎముకను వదులుకోకూడదు. పేరు దొంగిలించిన స్నేహితురాలు, తాను దొంగిలించిన పేరుతోనే, అందరి ముందూ, ఏ మనిషికీ చెప్పుకోలేని ఒట్టు ఒకటి వేసేలా ఘట్టాన్ని నడిపితే, ఒట్టు ఇప్పుడు ఎవరి నోరు మూస్తుందో చెప్పనక్కరలేదు. ఆ తర్వాత గేటు దగ్గరికి వచ్చి నిలబడేది ఆ స్నేహితురాలే. ఆమె మాట వినాలా వద్దా అన్న నిర్ణయం నాయికది. దాన్ని తేలిగ్గా తీర్చవద్దు, క్షమించినా క్షమించకపోయినా నాయిక అందుకు ఏదో కోల్పోవాలి.

చిత్తుప్రతి పూర్తయ్యాక రెండు పరీక్షలు చేయండి. అతీంద్రియ సంఘటనలున్న పేజీలన్నీ పక్కన పెట్టి మిగిలినదాన్ని చదవండి. కథ అలాగే నడుస్తుంటే దెయ్యం అలంకారంగానే ఉంది కాబట్టి, మళ్లీ షరతు దగ్గరికి వెళ్లి దెయ్యాన్ని అక్కడినుంచి కట్టుకుంటూ రావాలి. రెండోది, పాత కథ అసలు తెలియని ఒక టీనేజ్ పాఠకుడికీ, బాగా తెలిసిన మరొకరికీ ప్రతిని ఇచ్చి, ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ ముందే ఊహించారో పేజీ అంచున గుర్తు పెట్టమనండి. కథ తెలియనివారికి అర్థం కాని చోట మీరు పాత కథ మీద ఎక్కువగా ఆధారపడ్డారు. తెలిసినవారు వరుసగా మూడు సంఘటనలు ముందే ఊహించిన చోట, మీరు పాత సంఘటనను తెచ్చారు గానీ దానికి కొత్త కారణం ఇవ్వలేదు. తిరగరాయడం ఆ రెండు రకాల గుర్తులు ఉన్న పేజీలనుంచే మొదలుపెట్టండి.